సాంబమూర్తి ఆచార్యులవారు - మా ఊరి సన్నాయి

గురువనగా ఎదుట గూర్చుండి పాఠము చెప్పినవాడే కావలెనన్న నియమము లేదు. సంగీతమునెడ నాకు గల గౌరవమునకు మూలమైన ఆచార్య పి. సాంబమూర్తిగారిని నేను చూచి యెఱుగను. వారు 1901లో జన్మించి 1973లో కీర్తిశేషులైరి. అప్పటికి నేను పుట్టనే లేదు. నేను పాటగాడను గాను, సంస్కృతాంగ్లములు చెప్పి బ్రదుకు బడిపంతులను. అయినను వారి గ్రంథము నాచేత నా తప్పు నొప్పించినది. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసము.

సాంబమూర్తిగారు బి.ఏ., బి.ఎల్. పట్టములందినవారు. న్యాయవాదియై ధనమార్జింప గలిగియు సంగీతశాస్త్రమునే వరించిరి. 1931లో జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమునకేగి పాశ్చాత్య సంగీతమును, వివిధ దేశముల సంగీతములను పోల్చి చూచు విధానమును అభ్యసించిరి. చెన్నపట్టణమున స్త్రీలకై 1914లో వెలసిన క్వీన్ మేరీస్ కళాశాలలో సంగీతము బోధించిరి. ఈ మాట నేడు సామాన్యముగా తోచును. కాని ఆ దినములలో పాడుటయు ఆడుటయు కొన్ని కులముల స్త్రీలకే చెల్లుననియు, సంసారిపిల్ల నలుగురిలో గొంతెత్తిన అప్రతిష్ఠ యనియు పెద్దలు తలచుచుండిరి. అట్టి కాలమున సంగీతమును గణితమువలె పుస్తకము తెఱచి చదివి, పరీక్షయిచ్చి కృతార్థులు కాదగిన విద్యగా నిలుపుట చిన్న పని గాదు.

మద్రాసు విశ్వవిద్యాలయమున సంగీతశాఖ 1932లో ఏర్పడెను. టైగర్ వరదాచార్యులవారు దానికి తొలి అధ్యక్షులు. పిమ్మట 1937 మొదలు 1961 వఱకు సాంబమూర్తిగారు ఆ పీఠమునుండిరి. విశ్రాంతి దొరకిన తరువాతను వారు ఊరకుండలేదు. 1964 మొదలు 1966 వఱకు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్యులై యుండిరి. 1971లో పద్మభూషణ బిరుదము, 1972లో సంగీతకళానిధి బిరుదము వారికి లభించెను.

బిరుదములకంటె నన్నాకర్షించినది వారి 'దక్షిణభారత సంగీతము'. ఆంగ్లమున ఆఱు భాగములుగా వెలువడిన గ్రంథమది. మనలో సంగీతచరిత్ర యనగా గురువు శిష్యునికి చెప్పిన మహిమల కథయే. ఆ కథలను సాంబమూర్తిగారును విడువలేదు. కాని వాటి సరసనే వాగ్గేయకారుల కాలమును, శిష్యపరంపరను, రచనల లక్షణమును, వాద్యముల నిర్మాణమును వరుసగా పేర్చిరి. త్యాగరాజస్వామి తెనుగున రచించిన గేయనాటకము 'నౌకాచరిత్రము'ను స్వరసహితముగా ప్రకటించి తెలుగువారికిని ఉపకారము చేసిరి. ఏ విద్వాంసుని యింటను పుట్టని నావంటివాడును ఆ గ్రంథమును పట్టుకొని సంగీతపు గడప దాటవచ్చును.

ఆ సంపుటములను నేను చదువుకొను దినములలో పాతపుస్తకముల అంగడిలో కొంటిని. చాలకాలము అవి బీరువాకు అలంకారములై యుండెను. కొన్నియేండ్ల క్రిందట నా పదవ తరగతిలో నొక బాలిక యుండెను. ఆమె తాతగారు మా ప్రాంతమున పేరుమోసిన సన్నాయి విద్వాంసులు. ఆ చిన్నది మాత్రము బడి కాగితములో కుటుంబవృత్తి యన్నచోట 'వ్యవసాయము' అని వ్రాసెను. వారికి సెంటు భూమియైన లేదని నే నెఱుగుదును. తోడిపిల్లలు కులము పేరెత్తి వెక్కిరింతురని ఆమె భయము. నేను గ్రహించియు సంతకము చేసి ఊరకుంటిని.

ఆ వేసవిలో మా యింట పెండ్లి జరిగెను. ఆ వృద్ధుడు పందిటిలో కల్యాణి రాగము ఆలపించుచుండగా చుట్టములందఱు తలలూచిరి. భోజనముల వేళకు మాత్రము అందఱి పంక్తులును లేచిన పిమ్మట ఆయనకును, డోలు వాయించువానికిని, ఒత్తు పట్టువానికిని పెరటిలో విస్తళ్లు వేసిరి. వేయించిన పెద్దలలో నేనును ఒకడను. తాతతో వచ్చిన ఆ బాలిక ఒక్కమాఱు నావంక చూచి తల వంచుకొనెను.

ఆ రాత్రి నిద్రపట్టక సాంబమూర్తిగారి గ్రంథము తీసితిని. అందు వీణకు వేణువునకు వలెనే నాగస్వరమునకును చోటున్నది. త్యాగరాజస్వామితో నొక్క గ్రంథమున గూర్చుండిన విద్యకు మా పంక్తిలో చోటు లేకపోయెను!

బడి తెఱచిన పిమ్మట వారింటికి పోయి, "తాతగారూ, మా యింట మీకు అమర్యాద జరిగినది. తప్పు నాది" అంటిని. "అంత మాటెందుకు మాస్టారూ" అని ఆయన కండువాతో అరుగు దులిపి కూర్చుండబెట్టెను. నా కోరికపై ఒకనాడు బడికి వచ్చెను. ఆయనకు కుర్చీ వేసి మేము క్రింద గూర్చుంటిమి. వ్రేళ్లాడు రంధ్రములు ఏడనియు, క్రిందివానిని మైనముతో పూడ్చి శ్రుతి సవరింతురనియు చూపెను. వెక్కిరించిన పిల్లవాడొకడు తానూదబోయి, బుగ్గలు పొంగినవే కాని నాదము రాక సిగ్గుపడెను.

పోవునపుడు ఆయన, "మాస్టారూ, ఆ పుస్తకములో మా గురువుగారి పేరున్నదా?" అని అడిగెను. రెండు దినములు వెదకితిని. లేదు. ఆ మాట చెప్పగా, "పోనీలెండి, ఆయన పేరు చెప్పుకొనుటకు నేనున్నాను గదా" అని నవ్వెను.

ఆ నవ్వు నాకు సమాధానము కాలేదు. ఆయన తరువాత చెప్పువారెవరు? ఒక్క ఆచార్యుడు ఎంత శ్రమించినను ప్రతి పల్లెకును పోజాలడు గదా. ఆ పని ఆ బాలికయే పూనుకొనెను. తాత చెప్పుచుండగా ఆయన గురువు పేరు, ఊరు, సేవించిన దేవాలయము, నేర్పిన కీర్తనలు ఒక నోటుపుస్తకమున వ్రాసెను. పై చదువునకు పంపిన కాగితములో కుటుంబవృత్తి 'సంగీతము' అని వ్రాసి నాకు చూపెను. ఈసారి సంతోషముతో సంతకము చేసితిని.

పాఠకులారా, మీ యింట శుభకార్యమైనపుడు సన్నాయివారిని మొదటి పంక్తిని గూర్చుండబెట్టుడు. భోజనానంతరము వారి గురువుగారి పేరడిగి వ్రాసికొనుడు.