పాలేరుతో ప్రయాణం

మా కుక్క పేరు పాలేరు. ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు. మరికొందరు, మనిషి చేసే పనిని కుక్కకు పేరుగా పెట్టడమేమిటని నొచ్చుకొంటారు. కనుక ముందుగా ఆ పేరు పుట్టుక చెప్పి, తరువాత ప్రయాణం సంగతి చెబుతాను.

2024 ఆగస్టు చివర పట్టిన వాన సెప్టెంబరు ఒకటవ తేదీకి మా ప్రాంతాన్ని ముంచెత్తింది. అటు గరికపాడు దగ్గర పాలేటి వంతెన దెబ్బతిన్నది. ఇటు ఐతవరం దగ్గర మునేటి నీరు జాతీయ రహదారిని కప్పివేసింది. హైదరాబాదు, విజయవాడల నడుమ నున్న మా చిల్లకల్లుకు ఎటూ దారి లేకుండా పోయింది. ఆ రెండవ నాటి ఉదయం మా వసారాలో, బురద ముద్దలా, నాలుగైదు నెలల కుక్కపిల్ల ఒకటి కనిపించింది. నేను కర్ర కోసం చూశాను. మా ఆవిడ పాత చీర కోసం చూసింది.

"పాలేటి వరదలో వచ్చింది కనుక పాలేరు. జీతం లేకుండా ఇల్లు కాస్తుంది కనుకా పాలేరే. ఏమండీ, బాగుందా?" అన్నది.

ముప్పైమూడేళ్ళు శ్లేషాలంకారానికి లక్షణమూ లక్ష్యమూ చెప్పి పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. ఇంత సుళువైన ఉదాహరణ నాకెన్నడూ తోచలేదు. బాగుందన్నాను. అంతవరకే. కుక్కను తాకితే కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చే ఇంట పెరిగినవాణ్ణి. దానికి అన్నం పెట్టడం, దానితో మాట్లాడడం అన్నీ ఆవిడవే. నాకూ దానికీ ముఖపరిచయం మాత్రమే.

2025 ఏప్రిల్‌లో మా ఆవిడ పోయింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, పెద్దగా పరిచయం లేనివాళ్ళం.

కర్మకాండలు ముగిసిన నాటినుండి మా అబ్బాయి విశాఖపట్నం వచ్చేయమని అడుగుతూనే ఉన్నాడు. వాడుండేది అపార్టుమెంటులో, నాలుగవ అంతస్తు. "నాన్నగారూ, మీ గది సిద్ధం చేశాం" అంటాడే గాని కుక్క ప్రసక్తి తేడు. నేనూ తేలేదు. కొన్ని మాటలను ఇద్దరూ దాటవేస్తే అవి సమస్యలే కావని అనుకొనే వయస్సు కాదు నాది, అయినా అలాగే అనుకొన్నాను.

ఆ ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల గురించి దేశమంతా వాదించుకొన్నది. నేను కుక్కల పక్షమని మీరు తొందరపడి తీర్మానించవద్దు. బడి గేటు దగ్గర కుక్క కరచిన పిల్లవాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి తీసికొని పోయినవాణ్ణి. ఆనాడు బొడ్డు చుట్టూ సూదులు వేసేవారు. ఆ పిల్లవాడి ఏడుపు ఇంకా చెవిలో ఉన్నది. ఇరుపక్షాల వాదనలూ చదువుతూ, మా పాలేరు వీధికుక్కా, ఇంటికుక్కా అని ఆలోచించాను. అది నేనేమనుకొంటే అదే అవుతుందని తోచి, పత్రిక మడిచి ప్రక్కన పెట్టాను.

కార్తికమాసంలో ఒకనాడు దానిని కారెక్కించుకొని వేదాద్రి వెళ్ళాను. కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామి క్షేత్రం. ఆ నెలంతా స్నానాలకు వచ్చే జనం, ప్రసాదాలు, భోజనాలు. కుక్కకు తిండికి లోటుండదని నాకు నేను నచ్చజెప్పుకొన్నాను. రేవుకు పోయే దారిలో ఒక చెట్టు క్రింద దానిని దింపి, పులిహోర పొట్లం విప్పి ముందు పెట్టి, అది తింటూ ఉండగా కారు తిప్పుకొని వచ్చేశాను. అద్దంలో చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం దయ అని చెప్పుకోలేను. సిగ్గు. ఎందుకంటే నేను బ్రతుకుతెరువుగా చెప్పిన పాఠమొకటి ఉన్నది.

మహాప్రస్థానిక పర్వం భారతంలో పదిహేడవది. సంస్కృతంలో మూడే అధ్యాయాలు. పదునెనిమిది పర్వాలలో అదే అతి చిన్నది. పాండవులైదుగురు, ద్రౌపది హస్తినాపురం విడిచి నడవసాగితే ఏడవదిగా ఒక కుక్క వెంట వస్తుంది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోతారు. ధర్మరాజు, కుక్క మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్కతో వచ్చేవారికి స్వర్గంలో చోటు లేదంటాడు. నన్ను నమ్మి వచ్చినదానిని విడువనంటాడు ధర్మరాజు. తమ్ములనూ భార్యనూ విడిచి వచ్చావుగదా, కుక్కను విడువలేవా అని ఇంద్రుడు మెలిక పెడతాడు. చనిపోయిన తరువాతనే వారిని విడిచాను, బ్రతికి ఉండగా విడువలేదు అని సమాధానం. తరువాత ఆ కుక్కే ధర్మదేవతగా నిలుస్తుంది.

విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన గారిని తలచుకొని, పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా ఏటా పదవ తరగతికి ఈ కథ చెప్పేవాణ్ణి. దీనికి జోడుగా ఆదిపర్వంలోని సరమ కథ కూడా. జనమేజయుని తమ్ములు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడితే, తల్లి సరమ యజ్ఞశాలకు వచ్చి నిలదీస్తుంది. కారణం లేకుండా ఎదుటివారికి కీడు చేసినవారికి, కారణం తెలియని భయాలు వస్తాయని చెప్పి పోతుంది. కుక్కను సారమేయమనడం ఆ సరమ పేరు మీదనే. భారతానికి వాకిట ఒక కుక్క, పెరటిలో ఒక కుక్క అని చెబితే పిల్లలు నవ్వేవారు.

ఒక సంవత్సరం కిటికీ ప్రక్క బల్లమీది పిల్లవాడు లేచి, "మాష్టారూ, అది ధర్మదేవత కాకుండా ఉత్త కుక్కే అయితే?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమన్నది. "కథలో అలా లేదు, కూర్చో" అన్నాను. వాడి పేరు గుర్తులేదు. ఆ రాత్రి వాడి ప్రశ్న మాత్రం మంచం ప్రక్కన నిలబడింది.

తెల్లవారకముందే వేదాద్రి వెళ్ళాను. చెట్టు క్రింద, దింపిన చోటనే, పాలేరు కూర్చొని ఉన్నది. పులిహోర ఆకులో సగం మిగిలే ఉన్నది. నన్ను చూసి ఎగిరి మీద పడలేదు, అరవలేదు. తలుపు తీయగానే వచ్చి తన చోట కూర్చున్నది. నిష్ఠూరమాడి ఉంటే కొంత బరువు దిగేది.

ఇంటికి వచ్చి అబ్బాయికి ఫోను చేశాను. "వస్తున్నాను. పాలేరును తెస్తున్నాను" అన్నాను. కొంతసేపు చప్పుడు లేదు. "రైల్లో ఎలా తెస్తారు నాన్నగారూ?" అన్నాడు. వాడన్నది నిజమే. రైలులో కుక్కను వెంటబెట్టుకోవాలంటే మొదటి తరగతిలో కూపే మొత్తం మన పేర ఉండాలి. లేదా దానిని బ్రేకు వ్యానులోని పెట్టెలో వేయాలి. చీకటి పెట్టెలో వేస్తే వేదాద్రి మరొకసారి చేసినట్లే. "కారులో వస్తాను" అన్నాను. మారుతీ 800. ఆ కారును చేయడమే 2014లో మానుకొన్నారు. నా వయస్సు అరవై ఏడు. మొత్తం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. వాడు వద్దంటూనే ఉన్నాడు.

పశువైద్యుని వద్ద రేబిస్ టీకా వేయించి, చీటీ తీసికొన్నాను. ప్రయాణానికి ముందు కడుపునిండా పెట్టవద్దని ఆయన చెప్పారు. కూడా వచ్చేవాడికి తిండి పెట్టకుండా బయలుదేరడమేమిటని రెండు ఇడ్లీలు పెట్టాను. నందిగామ దాటి, కీసర టోలుగేటు వద్ద మునేరు దాటి, కంచికచర్ల చేరేసరికి ఆ రెండు ఇడ్లీలూ వెనుక సీటుమీద ఉన్నాయి. రోడ్డు ప్రక్కన కారు ఆపి, సీసాలో నీళ్ళతో అంతా కడిగాను. దాని మూతి కూడా తుడిచాను. ముఖపరిచయం దాటి మేము ముందుకు వెళ్ళింది అక్కడనే. తరువాత కాళ్ళు కడుక్కోవాలన్న ధ్యాస రాలేదు.

విజయవాడ, హనుమాన్ జంక్షను, ఏలూరు. నేను యాభై దాటించను, వెనుకవాళ్ళు హారను ఆపరు. గంటకొకసారి దిగి, దానిని నడిపించి, నేను టీ త్రాగి, మళ్ళీ ఎక్కడం. పూర్వం ఈ దారిన బస్సులో పోయేటప్పుడు కునుకు తీసేవాణ్ణి. ఈసారి కనిపించినవి రోడ్డుమీద చచ్చిపడి ఉన్న కుక్కలు. తాడేపల్లిగూడెం దాకా లెక్కపెట్టి మానుకొన్నాను. ఎవరూ కావాలని చంపి ఉండరు. ఆగడానికి తీరిక లేక అలా జరిగి ఉంటుంది. వేదాద్రిలో నాకూ అద్దంలో చూసే తీరిక లేకపోయింది.

అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే ముసలి పూడిల్ కుక్కను వెంటబెట్టుకొని ట్రక్కులో తన దేశం చుట్టి వచ్చాడు. దాదాపు పదివేల మైళ్ళు. 1962లో దానిని పుస్తకంగా వేశాడు. ఆ ఏడే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దేశాన్ని చూడాలని బయలుదేరాడాయన. ఇంత చిన్న ప్రయాణంలో నేను చూడగలిగింది నన్నే.

మనవైపు ఇంతకంటే పెద్ద కథ జరిగింది. 2019 అక్టోబరు 31న పదముగ్గురు అయ్యప్ప భక్తులు తిరుమలనుండి శబరిమలకు కాలినడకన బయలుదేరితే, ఒక వీధికుక్క వారి వెనుక నడిచింది. కర్ణాటకలో చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరేనాటికి అది నడిచిన దూరం 480 కిలోమీటర్లు. మొదట తాము గమనించలేదని, మాటిమాటికీ వెనుక కనిపిస్తూనే ఉన్నదని, తమకు వండుకొన్నదే దానికీ పెడుతున్నామని వారు చెప్పారు. పత్రికలలో చదివి అప్పుడు ముచ్చటపడ్డాను. "గమనించలేదు" అన్న మాట దగ్గర ఇప్పుడు ఆగిపోతున్నాను. ధర్మరాజు కూడా ముందుగా గమనించి పిలిచిందేమీ లేదు. అదే వచ్చింది.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి దాటేసరికి ప్రొద్దు వాలింది. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే నా పాత శిష్యుడొకడున్నాడు. లోపల పడుకోమని పోరాడు. క్రొత్తచోట కుక్క ఒక్కటీ ఉండదని వసారాలోనే మంచం వేయించుకొన్నాను. నడిరాత్రి ఎక్కడో లారీ బూర విని అది వణికింది. చేయి క్రిందికి జార్చి తలమీద వేశాను. దాని చెవులు అంత మెత్తగా ఉంటాయని ఏడాదిపైన ఒకే ఇంట్లో ఉండి కూడా నాకు తెలియదు. ఆవిడకు తెలుసు.

మరునాడు జొన్నాడ వంతెన, రాజానగరం, కత్తిపూడి. అన్నవరం కొండ కనిపించింది. ఆ దారిన పోతూ కొండ ఎక్కకుండా వెళ్ళడం నా ఎరుకలో అదే మొదలు. పాలేరును కారులో బంధించి పోవడానికి మనసొప్పలేదు. రోడ్డు మీదనుండే సత్యదేవునికి నమస్కరించాను. ఆయన ఏమీ అనుకోడని నమ్మకం.

మూడు గంటల వేళ విశాఖలో అబ్బాయి ఇంటి క్రింద దిగాము. లిఫ్టు తలుపు తెరిచాను. కాపలాదారు పరుగున వచ్చాడు. "బాబుగారూ, కుక్కని లిఫ్టులో ఎక్కించకూడదండి. మీరెళ్ళండి, దాన్ని నేను కింద కట్టేస్తాను." గోడమీద ఆ మేరకు కాగితం కూడా అంటించి ఉన్నది.

నాకు నవ్వాగలేదు. పైకి తీసికొనిపోయే రథం, కుక్కకు చోటు లేదన్న మాట, నిలబడి ఉన్న ముసలివాడు. పాపం, ఆ కాపలాదారుకు తాను ఇంద్రుడినని తెలియదు. "పరవాలేదు నాయనా" అని మెట్లవైపు తిరిగాను. నాలుగు అంతస్తులు, అరిగిన మోకాళ్ళు. భారతంలో కుక్క వెనుక నడిచింది. మా పాలేరు ఒక వరుస మెట్లు ముందుగా ఎక్కి, మలుపులో నిలబడి, నేను వచ్చేదాకా చూసి, మళ్ళీ ఎక్కింది.

మూడవ మలుపులో ఆయాసంతో కూర్చుండిపోయినప్పుడు, కిటికీ ప్రక్క పిల్లవాడికి జవాబు దొరికింది. ఒరే నాయనా, ధర్మరాజుకు అది ధర్మదేవత అని తెలియదు. ఆయన విడువనన్నది ఉత్త కుక్కనే. తెలిసి ఉంటే అది బేరమయ్యేది. ఆ తరువాత అది రూపం మార్చుకోవడం కథ చెప్పేవాడి ముచ్చట. పాఠం దానికి ముందే ముగిసింది. నిన్ను కూర్చోమన్న నా తప్పును మన్నించు. నేను మొదటిసారి తప్పి, సప్లిమెంటరీలో కూడా అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి.

అబ్బాయి తలుపు తీసి, రొప్పుతున్న ఇద్దరినీ చూశాడు. ముందు నీళ్ళు దానికి పెట్టాడు. తల్లి పోలిక. పెంపుడు కుక్కలను లిఫ్టు ఎక్కనీయకుండా ఆపకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందట. ఆ సాయంత్రమే వాడు ఆ కాగితం సంపాదించి సంఘం వారితో మాట్లాడాడు. మేమున్న పన్నెండు రోజులలో తొమ్మిది రోజులు లిఫ్టులోనే దిగాము.

పన్నెండవ రోజున అడిగాడు. "నాన్నగారూ, చిల్లకల్లులో ఒక్కరూ ఉండగలరా?"

"ఉంటాం" అన్నాను. వ్యాకరణం చెప్పిన నోరు గదా, వచనం తప్పలేదు.

వాడు పాలేరు వైపు చూసి, ఇక మారు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో దానికి ఇడ్లీలు పెట్టలేదు.