చాపకూటి సీమలో వంటపాత్రల బేరము

పల్నాడనగానే మన సోదరీమణులకు మొదట జ్ఞప్తికి వచ్చునది యుద్ధము. నాయకురాలు నాగమ్మ పంతమును, బాలచంద్రుని సాహసమును, కారెంపూడి రణరంగమును వీరగాథలు పాడువారి నోట తరతరములుగ వినుచునే యున్నాము. కాని యా సీమ మనకు యుద్ధముతోపాటు ఒక భోజనమును గూడ ఇచ్చినది. 12వ శతాబ్దమున మాచెర్ల పక్షమునకు మంత్రియైన బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి ఒక్క వంటయే వడ్డింపజేసెనని ప్రతీతి. దానికే చాపకూడని పేరు. ఆ చాపకూటి సీమలో మేము చేసిన యొక చిన్న యాత్రను గూర్చియు, దానివలన మా వీధివారి వంటపాత్రల బేరము తీరిన విధమును గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మా కాపురము నరసరావుపేట. మావారు బడిపంతులు. మా వీధిలో ఇరువదిరెండు గడపలు కలవు. ఏటేట కార్తికమాసమున అందరము కలసి కోటప్పకొండ చెంతకు వనభోజనమునకు పోవుట వాడుక. ఆ మాసమున అద్దెపాత్రలకు గిరాకి మెండు. దొరకినవి సొట్టలుపడి, మూతలు కుదురక, ముందువారు వండిన పులుసు వాసనతో వచ్చును. అందుచేత మన పాత్రలను మనమే కొనుక్కొందమని నెలనెల కొంత కూడబెట్టగా ఏడాదికి పదునైదువేల రూపాయలైనవి. ఇత్తడి గంగాళము కొని, సొమ్మిచ్చినవారి పేర్లు దానిపై చెక్కింపవలెనని కొందరు. గ్యాసుపొయ్యి కొన్న పొగబాధ తప్పునని కొందరు.

ఈ వాదములో పైకి రాని సంగతి యింకొకటి కలదు. వీధి చివరి రెండిండ్లవారు అంతవరకు వనభోజనమునకు తమ యన్నమును క్యారేజీలో తెచ్చుకొని, కొంచెము ఎడముగ కూర్చుండెడివారు. వేరుగ కూర్చుండుడని వారితో ఎవరును నోరు విడిచి చెప్పలేదు. కలసి కూర్చుండుడనియు ఎవరును చెప్పలేదు. ఈసారి వారును అందరితో సమముగ సొమ్మిచ్చియుండిరి. ఇక కొనబోవు పాత్ర ఎంతమందికి సరిపోవలెనన్న ప్రశ్నలోనే ఆ సంగతియు ఇమిడియుండెను.

పెద్దవంటను చూడక పెద్దపాత్రను కొనరాదని తలచి, కారెంపూడి తిరునాళ్లకు మేము నలుగురు స్త్రీలము మావారిని వెంటబెట్టుకొని పోయితిమి. ఆ నలుగురిలో చివరి యింటి యిల్లాలొకతె. ఆమె తల్లి బాలికల వసతిగృహములో వంట చేసినదగుటచే, పెద్దవంటల లెక్క ఆమెకు చిన్ననాటినుండి తెలియును.

కారెంపూడి నాగులేటి యొడ్డున నున్నది. ఇచ్చటి వీరుల తిరునాళ్లు కార్తిక అమావాస్యనాడు మొదలై ఐదు దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యొక్కొక్క దినమున కొక్కొక్క పేరు. వీరాచారవంతులు తమ తమ యూళ్లనుండి కొణతములను, అనగా వీరుల ఆయుధములను, పూజించి తెత్తురు. మూడవ దినమైన మందపోరునాడు చాపకూటి భోజనము జరుగును.

మా కన్నులు మాత్రము పొయ్యిలపైననే యుండెను. దూరమునుండి వచ్చిన యొక బృందమువారు గాడిపొయ్యిని త్రవ్వి వండుచుండిరి. మూరెడు లోతున, పాత్రల వరుసకు తగిన పొడవున త్రవ్విన గాడి యది. గాలి వచ్చు వైపున కట్టెలు పెట్టుటకు నోరు విడిచిరి. రెండవ కొనను పొగ పోవుటకు సందుంచిరి. మంట పాత్రల క్రిందుగనే ప్రాకును గాన, బయలున పెట్టిన మూడురాళ్ల పొయ్యికంటె కట్టె తక్కువ పట్టును, వండువారి కన్నులకు పొగయు తక్కువ. పత్తికట్టెను రాజబెట్టుటకు మాత్రమే వాడిరి; అది భగ్గున మండి చప్పున ఆరును. తరువాత ఎండిన తుమ్మమొద్దులను పెట్టిరి. అన్నము ఉడికినపిమ్మట మంట తీసి, నిప్పులపై మగ్గనిచ్చిరి. ఆ నిప్పులమీది మగ్గుదలలో వచ్చిన కమ్మదనము మా యింటి పొయ్యిపై మేమెన్నడును ఎరుగము.

మేము వంటమేస్త్రిని సమీపించి, వందమందికి ఒక్కటే పెద్దపాత్ర చాలునా యని యడిగితిమి. ఆయన నవ్వి, “అమ్మగారూ, పాత్ర పెద్దదైతే పేరు పెద్దది. అన్నం మాత్రం అడుగున మాడుతుంది, పైన పలుకుంటుంది. దించేటప్పుడు మీ ఆడవాళ్ల వల్ల కాదు. రెండు తీసుకోండి,” అనెను. మా చివరి యింటి యిల్లాలు అప్పుడే వ్రేళ్లపై లెక్క వేసెను. పిల్లలతో కలిపి వందమందికి పదునైదు కిలోల బియ్యము. దానికి కొలతకు రెండింతల నీరు. ఒక్క పాత్రలో వండినయెడల పాత్ర బరువుతో కలసి అరువది కిలోలగును; రెంటిలో వండినయెడల ఒక్కొక్కటి ముప్పది కిలోలు. ముప్పది కిలోలను ఇద్దరు స్త్రీలు చెవులు పట్టి దింపగలరు.

ఆనాటి చాపకూటిలో మేమందరమును ఒక్క వరుసలోనే కూర్చుంటిమి. ప్రక్కవారి ఇంటిపేరు నడిగినవారు లేరు. కూర ఇంకొంచెము వేయుమని యడిగినవారే. మా వెంట వచ్చిన యిల్లాలు విస్తరి మడచి లేచుచు, “మా అమ్మ ఇంతమందికి వండింది గాని, ఇంతమందిలో కూర్చుని తినలేదు అక్కా,” అనెను. ఆ మాట తిరుగుదారి పొడుగునను మాతోనే వచ్చెను.

తిరుగుదారి పిడుగురాళ్ల మీదుగ సాగినది. మా వీధిలో నాపరాళ్లు మిగిలియుండుటచే, వానితోనే పొయ్యి కట్టుకొనవచ్చునని మేము తలచుచుంటిమి. పల్నాటి నాపరాయి నేలపరుపునకు పేరుపొందినదే. కాని పిడుగురాళ్లలో సున్నపుబట్టీలను చూచినంతనే ఆ సందేహము తీరెను. అచ్చట రాతినే మంటలో కాల్చి సున్నము చేయుచున్నారు. నాపరాయియు సున్నపురాతి జాతిదే గాన, మంట తగిలినకొలది పగులును, పెచ్చులూడును. పొయ్యికి కాలిన ఇటుకయు బంకమన్నునే తగినవి.

నరసరావుపేటలో పాత్రలంగడికి పోయి లోహములన్నిటిని పోల్చి చూచితిమి. పాత్రలను తూకముపై అమ్ముదురు గాన ధరను గాక బరువును ముందు అడుగవలెను. ఇత్తడి గంగాళము చూచుటకు లక్ష్మీకళయే; కాని యొక్కటియే మా సొమ్మునంతయు మ్రింగునట్లుండెను. పైగా కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాచరాదు. కళాయి తగరముతో పూయుదురు. తగరము 232 డిగ్రీల వేడికే కరగును గాన వట్టిపాత్రను మంటపై నుంచరాదు. అరిగినకొలది మరల వేయింపవలెను. ఇనుప మూకుడు వేపుళ్లకు మేలు. తడి ఆర్చక దాచిన త్రుప్పు పట్టును. స్టీలుకు పులుపుతో పేచీ లేదు; అయినను పలుచని యడుగైనచో అన్నము మాడును. అల్యూమినియము తేలిక, చౌక, వేడి సమముగ ప్రాకును. దానిలో అన్నము వండవచ్చును గాని పులుసును కాచి నిలువయుంచరాదు. గ్యాసు మాట వచ్చినపుడు, ఇంటివాడుకకిచ్చిన 14.2 కిలోల బండను ఇట్టి పెద్దవంటలకు వాడరాదనియు, 19 కిలోల వ్యాపారపు బండ తీసికొనవలెననియు తెలిసి, ఆ కర్చును విడిచిపెట్టితిమి.

కడకు దళసరి అల్యూమినియపు అండాలు రెండు, ఒక్కొక్కటి నలుబది లీటర్లది, అన్నమునకు. ముప్పది లీటర్ల స్టీలుగిన్నె పులుసునకు. ఒక ఇనుప మూకుడు. తెడ్లు, గరిటెలు, మూతలు. పొయ్యికి వంద ఇటుకలు కొంటిమి. ప్రతి పాత్రను నీరు నింపి కారునేమోయని చూచితిమి. చెవులను పట్టి లాగి బిగువు పరీక్షించితిమి. బల్లపై నిలిపి యడుగు ఊగునేమో చూచితిమి. ఇన్ని కొన్నను చేతిలో పదునెనిమిది వందలు మిగిలెను. వానితో ఈతచాపలు కొంటిమి.

పేర్లు చెక్కించుట తరువాతి తగవు. చెక్కువాడు అక్షరమునకింత యని యడుగగా, ఇరువదిరెండు ఇంటిపేర్లకు బదులు వీధి పేరొక్కటే చాలునని అందరు నొప్పుకొనిరి. పాత్రలు ఎవరి యింట నుండవలెనన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. విశాలమైన పెరడును, తాళము పడు కొట్టమును ఉన్నది చివరి యింటివారికే. మేమా మాట చెప్పగా కొంతసేపెవరును పలుకలేదు. మాలో పెద్దది, మడి ఆచారములు గట్టిగ పాటించు అత్తగారొకరు, లేచి లోపలికి పోయిరి. కోపగించి పోయిరనుకొంటిమి. ఆమె పసుపు కుంకుమల భరిణెతో వచ్చి, అండాలకు బొట్లు పెట్టి, “తీసుకుపోండమ్మా, మబ్బు పట్టింది, వాన వస్తే తడుస్తాయి,” అనిరి.

ఈ కార్తికమున కోటప్పకొండ చెంత ఉసిరిచెట్టు క్రింద ఇటుకలు పేర్చి, గాలివాలు చూచి పొయ్యి నమర్చినది చివరి యింటి యిల్లాలే. ఆమె చెప్పిన కొలతకే ఎసరు పెట్టితిమి. ఆ సంవత్సరము క్యారేజీలు రాలేదు. రెండు అండాల అన్నమును చాపలపైననే చెల్లెను; అడుగు మాడలేదు.

సోదరీమణులారా, మీ వీధిలో గాని, మహిళామండలిలో గాని పెద్దపాత్రలు కొనదలచినయెడల, అంగడికి పోకముందు పంక్తిలో ఎవరెవరు కూర్చుండవలెనో లెక్కింపుడు. ఆ లెక్క సరిగ కుదిరినయెడల పాత్ర కొలతయు, సొమ్ము కొలతయు వాటంతటవే కుదురును.