నదికిచ్చిన కాగితములు

మా నాయన గతించిన మరుసటి వేసవిలో, చెదలు తాకిన ఆయన చేతివ్రాత పుస్తకములను మూటగట్టి నేనే ప్రాణహితలో విడిచితిని. భగవన్నామమున్న కాగితము కాలిక్రింద పడరాదని పెద్దల మాట. పాత పంచాంగములతోపాటు వానిని గంగలో కలుపుట పుణ్యమనియే తలంచితిని. అదెంత పొరపాటో తెలిసికొనుటకు చాల కాలము పట్టినది.

తెలిపినది దూరదేశపు కథ. హైదరాబాదులో మోర్మను మతస్థుడగు మిత్రుడొకడు తమ సమాజపు తొలినాళ్లను గూర్చి చెప్పగా వింటిని. అమెరికాలో జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6వ తేదీన ఆ సమాజమును స్థాపించెను. జరిగినది వ్రాసి యుంచవలెనను నియమము వారికి ఆనాటినుండియే కలదు. విల్‌ఫర్డ్ వుడ్రఫ్ అను పెద్ద 60 ఏండ్లకు పైగా దినచర్య వ్రాసెను. కాని నా మనస్సునకు హత్తుకొన్నది పాటీ సెషన్స్ అను మంత్రసాని పుస్తకము. 1846 ఫిబ్రవరిలో, పరుల విరోధమునకు తాళలేక ఆ మతస్థులు నావూ పట్టణము విడిచి మిసిసిపీ నది దాటుచుండగా, కుమార్తె ఆమెకొక ఖాళీ పుస్తకము నిచ్చెను. 51 ఏండ్ల ఆ యిల్లాలు బండ్లలోను గుడారములలోను పురుళ్లు పోయుచు, ఎవరికి బిడ్డ పుట్టెనో, ఎవరి యింట స్త్రీలు చేరి ప్రార్థించిరో అందులో వ్రాసికొనెను. బోధకుల ఉపన్యాసములు అచ్చున దొరకును. ఆ చలిలో ఆడువారు దేవుని నెట్లు తలచుకొనిరో అట్టి పుస్తకములే చెప్పవలెను.

ఆ మతబోధకులు 1850 దశకమున మన దేశమునకును వచ్చిరి. హ్యూ ఫిండ్లే బొంబాయి, పుణెలలోను, రిచర్డ్ బాలంటైన్ మదరాసులోను బోధించిరి. ఆ మొలక నిలువలేదు. వారి దినచర్యలు నిలిచినవి. తెలుగునాట ఆ మతము ఒక కుటుంబమునుండియే పాకినది. సమోవా దీవులలో ఆ మతము స్వీకరించిన తెలుగు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించిరి. ఆ యిల్లాలి తండ్రి తెనిగించిన మోర్మను గ్రంథభాగములు 1982లో వెలువడినవి.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన సిరొంచ 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. దొరల నివేదికలలో నది, అడవి, శిస్తు కనబడును. 1956లో మధ్యప్రదేశమునుండి బొంబాయి రాష్ట్రమునకు మారితిమి. 1960లో మహారాష్ట్రమునకు, 1982లో గడ్చిరోలి జిల్లాకు చేరితిమి. ఇన్ని మార్పుల సర్కారు కాగితములలో మా యింటి కార్తికదీపము లేదు. పడవెక్కి కాళేశ్వరము పోయి ముక్తీశ్వరుని సేవించిన మా నాయనమ్మ లేదు. అవి యున్న పుస్తకములను నేను నీట విడిచితిని. ఆ మంత్రసాని తన పుస్తకముతో నది దాటెను. నేను నా పుస్తకములను నదికే యిచ్చితిని.

పొరుగువారికి ఎరువిచ్చినందున ఒక్కటి మిగిలినది. అది నాయనమ్మ పాడగా నాయన వ్రాసికొన్న మంగళహారతుల పుస్తకము. అంచులలో ఏ పూజకు ఎవరు వచ్చిరో, ఎన్ని కొబ్బరికాయలు కొట్టిరో గుర్తులున్నవి. మరాఠీ బడిలో చదువు మా మనుమరాలు దానిని తిరగవేసి, “తాతా, గిందుల ఏం రాసుంది?” అని అడిగెను. ఇంట తెలుగే మాటలాడును గాని అక్షరము నెరుగదు. చెదలు ముట్టకున్నను ఆ పుస్తకము ఆమెకు మూగదియే.

నాటినుండి దినమునకొక పుట చదివి వినిపించుచు, దానితోనే అక్షరములు దిద్దించుచున్నాను. నాయన అంతటను “అమ్మ” అనియే వ్రాసెను, పేరు వ్రాయలేదు. మొన్న మా పాప పెన్సిలుతో మొదటి పుట అంచున నాయనమ్మ పేరు తెలుగున వ్రాసినది.

సోదరులారా, మీ పెట్టెలలోనూ ఇట్టి మూటలుండును. గంగలో కలుపుటకు ముందు ఒక్కసారి విప్పి, పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని చదువుడు.