రాయి పక్కన ఇల్లు

మా చిట్టమూరులో ఎక్కడానికి ఏమీ లేదు. తాటిచెట్లున్నాయి, వాటర్ ట్యాంకు ఉంది. అంతే. వరి పొలాలు, రొయ్యల గుంటలు, కాలవ గట్లు. ఇంకా తూర్పుకు పోతే ఉప్పునేల, ఆపైన సముద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద కొండల జిల్లా వాళ్లమయ్యాం. నేల మాత్రం ఎప్పటిలాగే బల్లపరుపు.

ఇట్లాంటి ఊరివాడికి రాళ్లెక్కే పిచ్చి ఎట్లా పట్టిందని అడుగుతుంటారు. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఏడింటినీ 172 రోజుల్లో ఎక్కాడు. అప్పుడు నేను బడిలో ఉన్నా. పేపర్లో ఫొటో చూసి, మన జిల్లావాడే కదా అనుకున్నా. అదే మొదలు. 2015 మార్చిలో ఆయన ఆండీస్ పర్వతాల్లో తప్పిపోయాడు. ఏప్రిల్ మొదట్లో శరీరం దొరికింది. సొంతూరికి వచ్చేసరికి నెలాఖరు అయింది. అన్నాళ్లూ మా అమ్మ టీవీ ముందు కూర్చుని "ఆ తల్లి అన్నం తింటా ఉందో లేదో" అంటూనే ఉంది. అప్పటికే నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి, రాళ్లెక్కే బూట్లు కొనుక్కున్నా. ఆ సంగతి ఆ నెలలో ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత కూడా చెప్పలేదు.

రాళ్లెక్కేవాళ్లు ఇద్దరు కలిస్తే ఏ ఊళ్లో ఉండాలన్న మాట రాకుండా పోదు. బాదామి అంటాడొకడు. అక్కడ ఎర్రటి ఇసుకరాతి గోడలు, బోల్టులు దిగేసిన దారులు. చాళుక్యులు గుహలు తొలిచింది ఆ రాతిలోనే. హంపి అంటాడు ఇంకొకడు. ఒకప్పుడు చలికాలం వస్తే విదేశీయులు ఏటికి అవతల విరూపాపుర గడ్డెలో నెలల తరబడి ఉండిపోయేవాళ్లు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి లాడ్జీలు కూల్చేశారు. బెంగళూరులో ఉంటే రామనగర దగ్గర. హైదరాబాద్‌లో అయితే రాళ్లు ఊరి మధ్యనే ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. కాలనీలు లేచేకొద్దీ తగ్గిపోతున్నాయి. వాటిని కాపాడమని సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి మొత్తుకుంటున్నారు.

నేను ఖాజాగూడ గుట్ట కనబడే గది తీసుకున్నా. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అద్దె నా జీతానికి ఎక్కువే. కిటికీ తెరిస్తే రాళ్లు కనబడేవి. ఆఫీసుకు పోయేముందు గంటసేపు ఎక్కి రావచ్చు. ఇల్లు చూసేటప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒకటే, గుట్టకు ఎంత దూరం అని.

2023 అక్టోబర్, దసరాకు ముందు ఆదివారం. పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. తాడు లేకుండా ఎక్కే చిన్న గుండు. ఎత్తు ఇద్దరు మనుషులంత ఉంటుందేమో. కింద మెత్తటి ప్యాడ్లు పరిచి ఉన్నాయి. అదివరకు ఎక్కిన దారే. పైఅంచు దగ్గర కుడిచెయ్యి పెట్టిన చోట రాతి పెచ్చు ఊడొచ్చింది. పెచ్చు చేతిలోనే ఉంది, నేను కింద ఉన్నా. కుడి మడమ రెండు ప్యాడ్ల మధ్య సందులో రాతి మీద పడింది. ఆ తర్వాత కూర్చున్నట్టుగా నడుం మీద పడ్డా.

అరవలేదు. ఊపిరి అందలేదు. నడుం దగ్గర ఎవరో పట్టకారుతో పట్టుకున్నట్టు ఉంది. నా స్నేహితుడు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని "కాలి వేళ్లు కదిలించు" అన్నాడు. నాకు వినబడింది. వినబడనట్టే ఉండిపోయా. కదిలించబోతే కదలకపోతే? అది తెలుసుకోవడానికి ధైర్యం చాల్లేదు. వాడు మళ్లీ అన్నాడు. మూడోసారి గట్టిగా అరిచాడు. అప్పుడు కదిలించా. రెండు కాళ్ల వేళ్లూ కదిలాయి. ఏడుపొచ్చింది.

లేపి కూర్చోబెడదామని ఎవరో చెయ్యి అందించారు. వాడు ఒప్పుకోలేదు. ప్రథమ చికిత్స నేర్చుకున్నవాడు. తల, నడుం ఒకే వరసలో ఉంచి నన్ను ప్యాడ్ మీదికి జరిపించాడు. నాలుగు మూలలా నలుగురు పట్టుకున్నారు. ఇద్దరు నావాళ్లు. ఒకాయన పొద్దున నడకకొచ్చిన పెద్దమనిషి. ఇంకొకాయన గుట్ట మీది దర్గాకు వచ్చినవాడు, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. నా మడమ రక్తం ఆ చొక్కాకు అంటింది. కింద రోడ్డు మీద 108 బండి ఎక్కించేదాకా ఆయన మూల వదల్లేదు. పేరు అడగాలన్న స్పృహ అప్పుడు లేదు. తర్వాత వెతికించినా దొరకలేదు.

ఆస్పత్రిలో మడమ ఫొటో తీశాక వెన్ను ఫొటో కూడా తీశారు. పైనుంచి పడి మడమ విరిగినవాళ్లలో పదిమందిలో ఒకరికి నడుం దగ్గర వెన్నుపూస కూడా దెబ్బతింటుందట. ఆ ఒక్కణ్ని నేనే. నడుం పైభాగంలో ఒక పూస ముందువైపు నలిగింది. నరాలకు దెబ్బ లేదు, బ్రేస్ కడితే మానుతుందన్నారు. మడమకు మాత్రం ప్లేటు, స్క్రూలు వెయ్యాలి.

వెంటనే చెయ్యరని నాకు తెలియదు. వాపు దిగాలి. రోజూ పొద్దున్నే డాక్టర్ వచ్చి మడమ పక్క చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూసేవాడు. చర్మం ముడత పడుతోందా అని. ముడత పడితేనే కోత పెట్టొచ్చు, లేకపోతే కుట్లు కలవవు, చీము పడుతుంది. నా చర్మం బిగిసి, నిగనిగలాడుతూ ఉండేది. నీటిపొక్కులు కూడా లేచాయి. "ఈరోజు కాదు" అని వెళ్లిపోయేవాడు. అంతకు ముందు రాతి మీద చెయ్యి ఎక్కడ ఆనుతుందా అని గంటలు గంటలు చూసినవాణ్ని, అక్కడ నా మడమ మీద ముడత కోసం చూస్తూ పడుకున్నా. రెండో వారంలో కనబడింది. మర్నాడు ఆపరేషన్ చేశారు.

ఈ మధ్యలో బీమా వాళ్లతో తగువు. సాహస క్రీడలకు మినహాయింపు ఉందన్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపుల్లో రాక్ క్లైంబింగ్ పేరు ఉన్నమాట నిజమే. అయితే అది వృత్తిగా చేసేవాళ్లకు. నేను ప్రొఫెషనల్‌ని కాదని ఆఫీసు నుంచి లెటర్ రాయించి పంపాం. నన్ను ప్రొఫెషనల్ అని అనుమానించినవాళ్లు జన్మలో వాళ్లొక్కరే. చివరికి డబ్బు వచ్చింది. మీరు ఎక్కేవాళ్లయితే పాలసీ కాగితంలో ఆ పేరా ఒకసారి చదివి పెట్టుకోండి. మంచం మీద పడుకుని చదివేది కాదది.

మలమూత్రాలన్నీ మంచం మీదే. నాతో రాళ్లెక్కే స్నేహితుడే రాత్రిళ్లు బెడ్‌పాన్ తీశాడు. మొదటి రెండ్రోజులు వాడి ముఖం చూడలేకపోయా. నొప్పి మందులకు మలబద్ధకం పట్టుకుంది. అదొక నరకం. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఇంట్లో చెప్పొద్దని వాణ్ని బతిమాలుకున్నా. వాడు ఒక రాత్రి ఓర్చుకుని, మర్నాడు మా అక్కకు ఫోన్ చేశాడు. మూడ్రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ మూడ్రోజులూ బెడ్‌పాన్ తీసింది వాడే.

నాయన గూడూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. గదికి వెళ్లి బట్టలు తెచ్చాడు. "కిటికీలోంచి రాళ్లు కనపడతన్నాయి. అది చూసేనా ఆ మిద్దె తీసుకున్నావు?" అన్నాడు. అవునన్నా. ఇంకేం అడగలేదు.

డిశ్చార్జి రోజున అసలు విషయం తెలిసొచ్చింది. ఆ గదికి నేను పోలేను. మూడంతస్తులు. ఎవరు మోస్తారు? ఎన్నిసార్లు మోస్తారు? లోపల బాత్రూం గడప ఎత్తు, తలుపు ఇరుకు. రాయికి దగ్గరని తీసుకున్న ఇంట్లోకి నన్ను నేను తీసుకుపోలేకపోయా. దీపావళికి ముందు ఊరికి బయల్దేరాం. తెల్లవారుజామున గూడూరులో ఒక పోర్టర్, మా బావ కలిసి బెర్త్ మీది నుంచి చక్రాల కుర్చీలోకి దించారు. డబ్బులివ్వబోతే పోర్టర్ సగమే తీసుకున్నాడు.

చిట్టమూరులో నాకు స్నానం చేయించింది మా బావ. అమ్మ చేయిస్తానంటే నేను ఒప్పుకోలేదు. నాయన చేతులు వణికాయి. రక్తం గడ్డకట్టకుండా పొట్టలో వేసే సూదులు అక్క నేర్చుకుని వేసింది. చూడటానికి వచ్చినవాళ్లు "కొండలెక్కేవాడంట" అని గుమ్మంలోనే అనుకునేవాళ్లు. నేను నిద్ర నటించేవాణ్ని. నిజం నిద్రలో పడిపోతున్నట్టు ఉలిక్కిపడేవాణ్ని. ఆ కుదుపుకు నడుం నొప్పి లేచేది. మళ్లీ కన్ను మూయాలంటే భయం. అమ్మ లైటు తియ్యనిచ్చేది కాదు.

డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుపాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే మా తీరమంతా ముంచెత్తింది. 4వ తేదీ రాత్రి కరెంటు పోయింది. వీధిలో నీళ్లు మా అరుగు మెట్టు దాకా వచ్చాయి. కుడికాలు నేలకు ఆనించకూడదు, నడుం వంచకూడదు. నీళ్లు ఇంట్లోకొస్తే నేనేం చెయ్యాలి? ఆ రాత్రి పడ్డ భయం రాయి మీది నుంచి పడ్డప్పుడు లేదు. పడటం ఒక్క క్షణం. ఇది రాత్రంతా. సిగ్గు విడిచి చెప్తున్నా, నన్ను వదిలిపెట్టి పోవద్దని నాయన చెయ్యి పట్టుకుని ఏడ్చా. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఎదురింటి అన్నదమ్ములిద్దరు, బావ, నాయన నన్ను మంచంతో సహా మోసి ఎదురింటి మిద్దె మీదికి చేర్చారు. మళ్లీ నాలుగు మూలలు. ఆ అన్నదమ్ములకు మాకు గట్టు తగాదా ఉంది. మాటల్లేక రెండేళ్లు. మర్నాడు వాళ్లింట్లోనే నాకు గంజి కాచి పెట్టారు. గట్టు సంగతి ఇప్పటికీ తేలలేదు. మాటలు మాత్రం ఉన్నాయి.

సంక్రాంతికి వాకర్ పట్టుకుని నిలబడ్డా. మడమ కింద ముళ్లున్నట్టు ఉంది. వేసవిలో కర్రతో నడిచా. చదునైన నేల మీద నడక వచ్చింది, పొలం గట్టు మీద రాలేదు. చీలమండ కింది కీలు బిగుసుకుపోయింది, పక్కలకు వాలదు. అది పూర్తిగా తిరిగి రాదని డాక్టర్ చెప్పేశాడు. ఎక్కొచ్చు, దూకకూడదు అన్నాడు. అంటే తాడు లేని గుండ్లకు ఇక సెలవు. పైనుంచి తాడు కట్టుకుని ఎక్కడమే.

అప్పుడు మళ్లీ అదే ప్రశ్న. ఎక్కడ ఉండాలి? అమ్మ తిరుపతి అంది. సొంతూరికి దగ్గర, ఎముకలకు బర్డ్ ఆస్పత్రి ఉంది, కొండ కూడా ఉంది కదా అంది. కొండ ఉంది. కానీ శేషాచలం రక్షిత అడవి. ఎర్రచందనం కాపలా మధ్య తాళ్లు, సంచులు వేసుకుని తిరిగేవాణ్ని ఎవరు నమ్ముతారు? బాదామికి పోయి ఉండిపోవాలని నాకు మొదటినుంచీ కోరిక. తాడు కట్టి ఎక్కడానికి మన దక్షిణాదిలో అంతకు మించిన చోటు నాకు తెలియదు. కానీ అక్కడ రాయి తెలుసు, మనుషులెవరూ తెలియరు. పెద్దాస్పత్రి కావాలంటే బాగల్‌కోటకో హుబ్బళ్లికో పోవాలి. చిట్టమూరులోనే ఉండి ఇంటి నుంచి పనిచేసుకోమన్నాడు నాయన. మోసిన ఊరు. ఆ మాట కాదనడం కష్టమైంది. కాదన్నా.

ఇప్పుడు మళ్లీ హైదరాబాద్‌లోనే, మణికొండలో ఉంటున్నా. కింది అంతస్తు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. బెడ్‌పాన్ తీసినవాడి ఇల్లు రెండు వీధుల అవతల. సెలవురోజుల్లో ఇద్దరం భువనగిరి పోతాం. ఎవరెస్టుకు ముందు మాలావత్ పూర్ణ లాంటి పిల్లలు శిక్షణ పొందిన ఏకశిల గుట్ట అది. తాడు బిగించాక కూడా మొదటి నాలుగడుగులకు అరిచేతులు చెమటలు పడతాయి, చాక్ పూసినా ఆగవు. కొన్నిసార్లు అక్కడే దిగిపోతా. వాడేమీ అనడు. అమ్మకు ప్రతిసారీ ఫోన్ చేసి ఎక్కడున్నానో చెప్తున్నా. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

మీరూ రాళ్లెక్కేవాళ్లయితే, ఇల్లు చూసేటప్పుడు గుట్ట ఎంత దూరమని అడగండి, తప్పులేదు. దాంతోపాటు లిఫ్టు ఉందా, బాత్రూం తలుపులోంచి చక్రాల కుర్చీ పడుతుందా అని టేపు పెట్టి కొలవండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూసుకోండి. ఏ రాయి దగ్గరికి పోతున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి. పక్కవాడు పడితే లేపి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వాళ్లు వచ్చేదాకా తల, నడుం కదలకుండా చూడండి.