దుకాన్ బోర్డు మీద లేని పేరు

మా దాదా మొదట్లో ట్రంకు పెట్టెలు చేసేవారు. కర్నూలు పాతబస్తీలో జహేజ్‌కి ఒక పెట్టె, హాస్టల్‌కి పోయే పిల్లాడికి ఒక పెట్టె. అదే రోజీ. అప్పట్లో బజార్లో దుకాణాలకు చెక్క పలకల తలుపులు ఉండేవి. ఒక్కో పలక మీద ఒక నంబరు. పొద్దున వరసగా తీసి లోపల పేర్చాలి, రాత్రి అదే వరసలో బిగించాలి. రేపు వీటన్నిటికీ ఇనుప షట్టర్లే వస్తాయని దాదాకి ముందే అర్థమైంది.

షట్టర్ పని బయటికి కనిపించినంత సులువు కాదు. పైన పైపు, దాని మీద స్ప్రింగులు, రెండు పక్కలా గైడ్ చానెళ్లు, ఒకదాన్లో ఒకటి దూరే పట్టీలు. షట్టర్ దించుతుంటే స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ బిగువే మళ్లీ పైకి లేపడానికి సాయం చేస్తుంది. స్ప్రింగు లెక్క తప్పితే పహిల్వాన్ కూడా లేపలేడు. ఇక గేజ్ సంగతి. నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 20 గేజ్ పట్టీకి రంగేసి 18 అని అమ్మితే గిరాకీకి తెలియదు. "అల్లాకి తెలుసు కదా" అనేవారు దాదా.

దాదా హిసాబంతా ఉర్దూలోనే. ఆ ఖాతాలు చదవగలిగేది మా ఖాందాన్లో ఇప్పుడు నేనొక్కణ్ణే. కారఖానా నడుపుతున్న మా చచ్చా కొడుకులు ఇంగ్లీషు మీడియం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాళ్ల లెక్కలన్నీ కంప్యూటర్లోనే. వాటిలో రేకు ధర, పన్ను ఉంటాయి. దాదా ఖాతాలో మనుషులు కూడా ఉన్నారు. ఎవరి ఉధార్ ఎందుకు మాఫ్ చేశారో, రంజాన్‌లో కారీగర్లకు ఎంతెంత ఇచ్చారో, అన్నీ. నా కాలేజీ ఫీజు కూడా ఆ ఖాతాల్లోనే ఉంది. 1992 దాకా ఉక్కు ధర, పంపిణీ సర్కారు చేతిలో ఉండేవి. రేకు కోసం తిరిగిన తిరుగుడంతా ఆ పేజీల్లో కనిపిస్తుంది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. కారఖానా మునిగింది. నీళ్లు తీశాక బజారంతా ఒకటే మొర. గైడ్ చానెళ్లలో బురద గట్టిపడి షట్టర్లు లేవడం లేదు. మావాళ్లు సొంత మెషీన్లు అలాగే వదిలేసి ముందు బజారు షట్టర్లు లేపారు. నేను మిద్దె మీద ఖాతాలు ఆరబెట్టాను. కొన్ని పేజీల సిరా పూర్తిగా కరిగిపోయింది.

కరగని ఒక పేజీలో, పట్టీలు వంచే మెషీన్ కొన్న పద్దు కింద, దాదా రాత: "బేటీ కే కంగన్, చార్ తోలే, ఖర్జ్."

బేటీ అంటే మా బడీ ఫుప్పు. వాపస్ ఇచ్చినట్టు తర్వాత ఏ పేజీలోనూ లేదు. ఆ మెషీన్ వచ్చాకే మాది కారఖానా అయింది. దాదా పోయాక అబ్బా, చచ్చా పంచుకున్నప్పుడు ఫుప్పుని ఎవరూ పిలవలేదు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆమె అడగలేదు. మన ఇళ్లలో చాలామంది బేటీల కథ ఇదే.

ఆ పేజీ అందరి ముందూ చదివాను. చచ్చా చాలాసేపు మాట్లాడలేదు. ఆనాటి ధర కట్టి ఇద్దామన్నాడు ఒక తమ్ముడు. ఖర్జ్ సోనా రూపంలో రాసుంది కాబట్టి సోనాయే ఇవ్వాలన్నారు మౌల్వీ సాబ్. అది ఖర్జ్ మాట. దాదా ఆస్తిలో బేటీ హిస్సా మాట వేరే. ఆ మాట ఇంకా తేలలేదు.

ఫుప్పు మాత్రం నవ్వింది. "బోర్డు మీద 'అండ్ సన్స్' అని రాయించారు కదరా, నా కంగన్ ఏ బేటా?" అంది.

రెండు తులాలు ముట్టాయి. రెండు మిగిలాయి. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి.

మీ ఇంట్లో అటక మీద పాత ఉర్దూ ఖాతాలుంటే కబాడీకి వేసే ముందు చదివేవాళ్లకి ఒకసారి చూపించండి. అందులో ఎవరి హఖ్ ఉందో, ఆ మనిషి ఇంకా బతికే ఉన్నారేమో.