శుక్రవారపు రొట్టె

మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అన్నము తినకున్న భోజనము చేసినట్లు గాదు. రొట్టె జ్వరపడినవారికి పథ్యము, పిల్లలకు ఫలాహారము. ఇట్టి వరిపొలముల నడుమ, చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, 1991లో కొందఱు తెలుగువారు యూదుల ప్రార్థనాలయము నెలకొల్పిరి. తాము ఎఫ్రాయీము గోత్రజులమని వారు చెప్పుకొందురు; పుట్టుకచే మాదిగ కుటుంబములవారు. షాహిద్ పర్వేజ్, యూలియా ఎగొరొవా అను పండితులు వారినిగూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది.

యూదులకు శనివారము విశ్రాంతిదినము. అది శుక్రవారపు సూర్యాస్తమయముతో నారంభమగును. ఆ రాత్రి పెక్కు దేశముల యూదుల యిండ్లలో ‘హల్లా’ యను రొట్టెలు రెండు బల్లమీద నుంచుదురు. అరణ్యవాసమున శుక్రవారము మన్నా రెండింతలుగా లభించెనని వారి పురాతనగ్రంథము చెప్పుటయే యిందులకు హేతువు.

ఈ రొట్టెను మా యింట కాల్చితిమి. అరకిలో మైదాలో రెండు గ్రుడ్లు, నూనె, పంచదార, ఉప్పు, ఈస్టు చేర్చి గోరువెచ్చని నీటితో బాగుగా మర్దించి, రెట్టింపు పొంగువఱకు తడిగుడ్డ కప్పి యుంచితిమి. మాంసముతో పాలు కలుపరాదన్నది వారి నియమము గనుక వెన్న వేయరు. పిండిని మూడు పాయలు చేసి జడవలె నల్లి, మరల పొంగనిచ్చి, పైన గ్రుడ్డుసొన పూసితిమి. దళసరి గిన్నెలో ఇసుక కాచి, అందు పళ్లెము నిలిపి, మూతపై నిప్పులు వేయగా చక్కగా ఎఱ్ఱబాఱినది.

పస్కా పండుగ రొట్టె దీనికి విరుద్ధము. నీరు తగిలిన 18 నిమిషములలో కాల్చి ముగింపవలెను, పొంగనీయరాదు. అది మన పుల్కాకు దగ్గఱి చుట్టము.

హల్లా యనగా రొట్టె మాత్రమే గాదు. పిండి యొక కొలతకు మించి కలిపినపుడు యాజకునికై తీసిపెట్టు ముద్దకు ఆ పేరు. సంఖ్యాకాండము 15వ అధ్యాయమున ఆ విధి కలదు. ముందు ఒరులకు, పిదప మనకు అనుటయే దాని భావమని నాకు తోచినది.

మా బంధువులలో పెద్దయొకామె ఆ రొట్టె రుచి చూచి మెచ్చుకొని, “ఇది యెక్కడి వంటరా, అబ్బాయీ?” అని యడిగినది. కొత్తరెడ్డిపాలెము సంగతి చెప్పగానే చేతిలోని ముక్క పళ్లెములోనికి దిగినది. పిండి కలిపినది నేను, కాల్చినది నా భార్య. ఐనను ఆ యూరి పేరే అంటయ్యెను. ఆమెయే తెనాలి బజారు రొట్టె నెవరు చేసిరని యెన్నడు నడుగదు!

వారు ఎఫ్రాయీము సంతతియగునా కాదా యని చరిత్రకారులు విచారింతురుగాక. వారితో నొక పంక్తిని కూర్చుండుట కా తీర్పుతో బనిలేదు. సభలలో సహపంక్తి భోజనమునుగూర్చి యుపన్యసించు మనము, మన యింటి పీటపై వారిని కూర్చుండబెట్టితిమా? వారి యింట విస్తరి యొద్ద కూర్చుంటిమా? చదువరు లీ ప్రశ్నను వంటయింటిలోని వారితో గలసి యాలోచింపవలెనని నా మనవి.