కొట్టులో నిలబడే పిల్ల

గత డిసెంబరులో మా అమ్మాయి చదివే బడిలో, అనాథ పిల్లలకు దుప్పట్లు కొనే నిధి కోసం తినుబండారాల మేళా పెట్టారు. తరగతికో కొట్టు. నాలుగో తరగతి వాళ్ళకు సమోసాలు, కేకులు, నూడిల్స్. అమ్మి పెట్టమని పిల్లలకు తలా 20 కూపన్లు ఇచ్చారు. ఆ పుస్తకం చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. మా పిల్లకు గోధుమ పడదు.

పడకపోవడమంటే ఒకపూట అజీర్తి చేయడం కాదు. సీలియాక్ అనే జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళితే ఒంట్లోని రక్షణశక్తే ఎదురుతిరిగి చిన్నప్రేగు గోడను దెబ్బతీస్తుంది. తువ్వాలు మీది నూగులాంటిది ఆ గోడకూ ఉంటుంది. తిన్నదాని సారం పీల్చేది అదే. ఆ నూగు అరిగిపోతే ఎంత తిన్నా ఒంటబట్టదు. ఆరో ఏట మా పిల్లకు పొట్ట ఉబ్బరం, విరేచనాలు, రక్తహీనత. నులిపురుగుల మందుతో, ఐరన్ టానిక్కులతో ఏడాది గడిచిపోయింది. ఈ జబ్బు ఉత్తరాదిన ఎక్కువ. అన్నం తినే మనవైపు చప్పున ఎవరికీ తట్టదు. చివరకు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి తేల్చారు. అన్నట్టు, ఇలాంటి అనుమానం ఉంటే పరీక్షలు కాకముందే గోధుమ మాన్పించేయకండి, జబ్బు దొరక్కుండా పోతుంది.

దీనికి మందు లేదు, జన్మంతా గోధుమ మానడమే చికిత్స. 1944-45 చలికాలంలో హాలెండులో రొట్టెకు కరువొచ్చినప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం చూశాక, డిక్కె అనే పిల్లల డాక్టరుకు తన అనుమానం నిజమేనన్న నమ్మకం కుదిరింది.

"ఒక్క సమోసాకు ఏం కాదులేవే" అంటారు మా అత్తగారు, పిల్ల మీది ప్రేమకొద్దీ. ముక్క దాకా ఎందుకు, రాలిన పొడి చాలు చెరుపు చేయడానికి.

టీచరు మంచి మనిషే. "మీ పాప కూర్చుని డబ్బులు లెక్కపెడుతుంది లెండి" అన్నారు. ఆ రాత్రి పిల్ల పక్కలో పడుకుని, "అమ్మా, నాకు జ్వరమని చీటీ రాసిస్తావా?" అంది. నిజం చెప్పొద్దూ, రాసిచ్చేద్దామనే అనుకున్నాను. తెల్లారి కూడా పిల్ల నా కళ్ళలోకి చూడలేదు. దానితో చీటీ మానేసి బడికి వెళ్ళాను.

కొట్టు చివర ఒక బల్ల అడిగాను. వేరుశనగ ఉండలు, మరమరాల ఉండలు, బియ్యప్పిండి జంతికలు నేనే చేసిస్తానన్నాను. చేయడం చెప్పినంత సులువు కాలేదు. జంతికల పిండిలో ఇంగువ వేయబోయి డబ్బా మీది అక్షరాలు చదివితే, అందులో మైదా! బజారు ఇంగువలో చాలావాటికి ఇదే కథ. వాము వేసి సరిపెట్టాను. బియ్యం కడిగి ఆరబెట్టి మిక్సీలోనే పట్టాను. గోధుమలు ఆడిన మరలో పోస్తే పడ్డ శ్రమంతా వృథా. పూరీలు వేగిన నూనె పనికిరాదు కనుక కొత్త నూనె పోశాను. మూత డబ్బాల్లో సర్ది, విడిగా ఒక పట్టకారు పెట్టాను. అమ్మగా మిగిలిన కూపన్లకు ఇంటాయన డబ్బు కట్టేశారు. దుప్పట్లు రావడానికి కేకు కొనక్కర్లేదుగా!

మేళానాడు ఒక కుర్రాడు మా పట్టకారుతో సమోసా తీయబోతే, మా పిల్ల వాడి చెయ్యి పట్టుకుని, "ఇది మా బల్లది" అంది. నేను దూరంగా నిలబడి వింటున్నాను. జంతికలు గంటలో అయిపోయాయి. వేరుశనగ ఉండలు సగానికి సగం మిగిలాయి. పాకం ముదిరి రాళ్ళలా తయారయ్యాయి, ఆ తప్పు నాదే.

ఇంటికొచ్చాక స్నేహితురాలు ఇచ్చిన కేకు ముక్కను కాగితం పొట్లంలోంచి తీసి తమ్ముడికిచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కొచ్చి వాడి ఎదుట కూర్చుని, "ఎలా ఉందిరా?" అని అడిగింది.

"తియ్యగా ఉంది" అన్నాడు వాడు.

"అంతేనా?" అని, రాయిలాంటి వేరుశనగ ఉండ ఒకటి తీసుకుని కొరకడం మొదలుపెట్టింది.